ముప్ఫై ఒకటి తక్కువ

సిగ్నల్ పోయిందంటే పిడుగు ముందు నమ్మలేదు. పిడుగు అంటే ఆ చిన్న విమానం నడుపుతున్నవాడు. షెడ్డు దగ్గర హమాలీల నుంచి వాతావరణం చెప్పే ఆయన దాకా అందరూ అతన్ని అలాగే పిలుస్తారు, పైకి విసుక్కుంటాడు గానీ ఆ పేరంటే అతనికి లోలోపల మహా ఇష్టం. ఎదురుగా టాబ్లెట్‌లో కొండల మ్యాపు, మ్యాపు మీద నీలం రంగులో వేలిగోరంత విమానం బొమ్మ. ఇప్పటిదాకా బుద్ధిగా కనుమ వైపు పాకుతూ వచ్చిన ఆ బొమ్మ ఉన్నట్టుండి ఎగిరి, ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల ఒక చెరువు మధ్యలో వాలి కూర్చుంది. వేగం సున్నా అంది. ఎత్తు సున్నా అంది. ఇక్కడేమో ఇంజను గొంతు చించుకుంటోంది, రెక్కలు తడిమబ్బులో వణుకుతున్నాయి, కాళ్ళ కింద పదివేల అడుగుల లోతు, ఆ లోతులో రాయి ఎక్కడ మొదలవుతుందో చెప్పాల్సిన దిక్కుమాలిన బొమ్మ చెరువులో జలకాలాడుతోంది. "నీ యబ్బ!" అని పిడికిలి బిగించి ఒక్క గుద్దు గుద్దాడు. అద్దం పగిలింది. పగిలిన అద్దం కింద బొమ్మ కూడా మాయమై, సిగ్నల్ లేదు అని రెండు ముక్కలు మిగిలాయి. కొండల అవతల ఫిరంగులు మోగడం మొదలైన దగ్గర్నుంచి ఎవరో ఆకాశంలోంచి సిగ్నల్ లాగేస్తున్నారని తోటి పైలట్లు నెల్లాళ్ళుగా మొత్తుకుంటున్నారు. నడపడం చేతకానివాళ్ళకి సాకులు కావాలి అని తను నవ్వాడు, నవ్వడమేమిటి, అందులో ఒకణ్ణి టీ దుకాణంలో అందరి ముందూ ఏడిపించాడు కూడా. పిడికిలి కణుపుల దగ్గర చర్మం లేచి నెత్తురు చిమ్మింది. ఈ పూట ఈ చేతికి అంటిన నెత్తురు ఇది రెండోది. మొదటిది తనది కాదు.

మొదటిది వెనక పడుకుని ఉన్న తమ్ముడిది. సీట్లు పీకేసిన చోట స్ట్రెచరు పెట్టి, సరుకు బస్తాలు బిగించే పట్టీతో రొమ్ము మీదుగా కట్టేశారు. తల మరదలి ఒళ్ళో ఉంది. కుడిచెవి పైన కట్టు, ఆ కట్టు తడిసిపోతే దాని మీద ఇంకో కట్టు, అదీ తడిసింది. చెవిలోంచి నెత్తురొస్తోందంటే లోపల ఏదో చిట్లిందన్నమాట, రెండు గంటల్లో తల డాక్టరు చేతిలో పడాలి, నా దగ్గర దూదీ అయోడినూ తప్ప ఏమున్నాయి చెప్పండి, అంది నర్సు. తల డాక్టరు ఉన్నది కొండలకి అటువైపు. రోడ్డు మీద తొమ్మిది గంటలు, విమానంలో యాభై నిమిషాలు. ఎలా తగిలిందండీ అని కూడా అడిగింది ఆవిడ, కట్టు కడుతూనే. చెయ్యి జారింది అన్నాడు పిడుగు. ఎవరి చెయ్యి, ఎందులోంచి జారింది, ఎంత ఎత్తు నుంచి జారింది అని ఆవిడ అడగలేదు, పెద్దమనిషి. మరదలు మాత్రం అతని వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ మెడ వెనక ఉంది, సీటు సందులోంచి వచ్చి గుచ్చుతోంది, చూడు చూడు, బాగా చూడు, నీ మొగుడు కాకముందు ఇరవై ఆరేళ్ళు వాడు నా తమ్ముడు, నేనెత్తుకుని తిప్పాను వాణ్ణి, నేను కొడితే నేనే మోసుకెళ్తున్నాను కదా, ఇంకేం కావాలి. ముప్ఫై అయిదు నిమిషాలు గడిచాయి బయల్దేరి. కనుమలోకి మలుపు తిరిగి మూడు నిమిషాలయింది. సరిగ్గా కనుమ నోటి దగ్గరే చచ్చింది సిగ్నలు.

ఎడమ పక్క గూనికొండ, కుడి పక్క కొడవలి అనే కొండ, రెండూ పదిహేను వేల అడుగులు, మధ్యలో కనుమ. ఎండ కాసిన రోజైతే ఈల వేసుకుంటూ దూరిపోవచ్చు. ఇవాళ అంతా తెలుపే, ముందు ఏమీ లేదు, పక్కన ఏమీ లేదు, అద్దం మీద నీళ్ళు పైకి పాకుతున్నాయి. పైకి లేద్దామా అంటే ఈ ముసలి బండి పన్నెండు వేలు దాటిందంటే ఆయాసంతో చస్తుంది. వెనక్కి తిరుగుదామా అంటే వెనక కూడా ఇదే తెలుపు, పైగా వెనక తొమ్మిది గంటల రోడ్డు, తొమ్మిది గంటలంటే వాడు మిగలడు. రేడియో తిప్పితే ఇసుక జల్లెడ పట్టిన చప్పుడు. దిక్కు చెప్పే గైరో ఎప్పుడో చచ్చిపోతే దాని బొక్కలోనే కదా తమ్ముడు టాబ్లెట్ బిగించింది, బాగుంటుందన్నయ్యా సినిమా చూసినట్టు ఉంటుంది అని. మిగిలింది అద్దం మీద నూనె బుడ్డిలో తేలుతున్న దిక్సూచి. కనుమ మలుపులో అలవాటు కొద్దీ ముల్లుని తొంభై మీదే ఆపాడు, ఇప్పటికీ తొంభై చూపిస్తోంది. తొంభై అంటే తూర్పు. తూర్పంటే కనుమ. హమ్మయ్య అనుకోబోయి, ఆ హమ్మయ్య గొంతులోనే అడ్డం పడింది. ఆ దిక్సూచి తప్పు చూపిస్తోందనే కదా పొద్దున తమ్ముడు సంతకం పెట్టనన్నది.

సంతకం పెట్టనన్నాడు. పెట్టకపోవడమే కాదు, విమానం లాగ్ పుస్తకంలో ఎర్ర సిరాతో రాశాడు, ఎగరడానికి వీల్లేదు అని, కింద వాడి చిన్న చిన్న అక్షరాలతో ఒక పట్టిక, ఏ దిక్కున ఎంత తప్పు అని. ఎదురుగా ముగ్గురు ప్రయాణికులు సంచులతో నిలబడి ఉన్నారు, ఇద్దరు హమాలీలు బీడీలు ఆర్పి మరీ చూస్తున్నారు. వాళ్ళ ముందు, తను ఎత్తి పెంచిన వెధవ, తనకి సంతకం పెట్టనంటాడా? "జీపీఎస్ ఉండగా ఆ బుడ్డి ఎవడు చూస్తాడ్రా?" అన్నాడు. "జీపీఎస్ పోతే?" అన్నాడు వాడు. అంతే. గట్టిగా కూడా అనలేదు. మామూలుగా అన్నాడు, నట్టు లూజుగా ఉందన్నట్టు. ఆ మామూలుతనమే ఒంట్లో నిప్పు పోసింది. వాడెప్పుడూ ఇంతే, ఎదురు తిరగడు, తగ్గడు, అలా నిలబడి ఉంటాడు, కొడితే గోడని కొట్టినట్టే ఉంటుంది. కాగితం చింపాడు. ఉండచుట్టి వాడి మొహాన కొట్టాడు. తరవాత ఏమయింది? తరవాత తోశాను. తోస్తే వెనక బల్లకి తగిలాడు. అబ్బే, బల్ల మీద పానా ఉంది, పందొమ్మిది నంబరుది, మూరెడు, అది చేతికి తగిలింది, జారింది. ఏదో జరిగింది. ఎదురుగా నిలబడి తిట్టుకుంటుంటే ఏదో జరిగింది, అన్నదమ్ములన్నాక.

ఎడమ రెక్క దభాలున పడిపోయింది. గాలి ఎవరో కింది నుంచి తన్నినట్టు లేపి, మళ్ళీ అదే కాలితో తొక్కింది. వెనక స్ట్రెచరు నేల మీద కొట్టుకున్న చప్పుడు, తమ్ముడి మూలుగు. రెండు చేతులా కంట్రోలు పట్టుకుని పిడుగు పళ్ళు నూరాడు. కొట్టు, ఇంకా కొట్టు, నీ చేతనైనంత కొట్టు, ఇంతకంటే పెద్ద దెబ్బలు తిన్న ఒళ్ళు ఇది. నాన్న లారీ షెడ్డులో ఫ్యాను బెల్టు మేకుకి వేలాడుతుండేది. కొత్తది కాదు, అరిగిన బెల్టు. అరిగినదైతే ఒంటికి బాగా చుట్టుకుంటుందని నాన్నే చెప్పాడు ఒకసారి, పనివాడికి మెళుకువ చెప్పినట్టు. జాకీ సరిగ్గా పెట్టకపోతే బెల్టు. బోల్టు పడేస్తే బెల్టు. తమ్ముడు బోల్టు పడేసినా తనే పడేశానని ముందుకొచ్చేవాడు. ఎన్నిసార్లు! వీపు మీద చారలు ఆరకముందే కొత్త చారలు. వాడు రాత్రి పక్కన పడుకుని చారల మీద కొబ్బరినూనె రాస్తూ లెక్కపెట్టేవాడు, ఒకటి రెండు మూడు, అప్పటికి ఇరవై దాకానే వచ్చు వాడికి. వాడి వంతు దెబ్బలు నేను తిన్నాను. కాబట్టి వాణ్ణి కొట్టే హక్కు నాకుంది. ఇది ఎవరూ అనలేదు గానీ ఇంట్లో అలాగే నడిచింది. నాన్న పోయిన రోజు ఏడుస్తుంటే చెంప మీద కొట్టాడు వాణ్ణి, ఎందుకేడుస్తావురా ఆ ముండాకొడుకు కోసం అని. లైసెన్సు పరీక్ష తప్పితే కొట్టాడు. తనని అడక్కుండా పెళ్ళి కుదుర్చుకున్నాడని కొట్టాడు. పెళ్ళయ్యాక మానేద్దామనుకున్నాడు, నాలుగేళ్ళలో మూడుసార్లే కొట్టాడు, పోనీ నాలుగు.

పగిలిన చెయ్యి చుర్రుమంది. దిక్సూచి తొంభై దగ్గర ఊగుతూ కులాసాగా ఉంది. ఎంత తప్పు? ఎటు తప్పు? చదివాడు వాడు, పొద్దున, ఎర్ర సిరా మీద వేలు పెట్టి చదివాడు. ఆ వేలు గుర్తుంది, గోటి కింద గ్రీజు గుర్తుంది, వాడి పెదాలు కదలడం గుర్తుంది. అంకె చెవికెక్కలేదు. చెవిలో తన కోపమే హోరెత్తుతుంటే ఇంకేం వినిపిస్తుంది! కాగితం షెడ్డు నేల మీద ఉండలా పడి ఉంది. ఆ అంకె ఇంకెక్కడుంది? ఆ తలలో ఉంది. ఏ తల పగలగొట్టాడో ఆ తలలోనే ఉంది. పిడుగు పై ప్రాణాలు పైనే పోయాయి.

"చిన్నోడా!" అని అరిచాడు వెనక్కి. "ఒరేయ్, దిక్సూచి ఎంత తప్పురా? తూర్పు మీద ఎంత?"

మూలుగు. తరవాత మాట, ముద్దగా. "పది పన్నెండు పానా ఇవ్వన్నయ్యా."

"పానా కాదురా! దిక్సూచి! పుస్తకంలో రాశావే, అంకె!"

"నూనె కారుతోంది చూడు," అన్నాడు తమ్ముడు.  ఎవరి నూనె, ఏ బండి, ఏ ఏడాది షెడ్డులో ఉన్నాడో వాడు.

అసలు దీనికంతటికీ మూలం ఆ వెల్డింగు. వెల్డింగుకి మూలం ఆ దెబ్బ. రెండు నెలల కిందట టవరు మనిషి రేడియోలో పది నిమిషాలు ఆగమంటే, నువ్వెవడివిరా నన్నాగమనడానికి అని తిట్టుకుంటూ, ఆ తిట్టు ఇంకా నోట్లో ఉండగానే విమానాన్ని రన్‌వే మీదకి గునపంలా దింపాడు. ముందు చక్రం పైకి తన్నింది, అద్దం పక్క ఇనప గొట్టం చీలింది. తమ్ముడు చీలిక అతికాడు, వెల్డింగు అందంగా వేశాడు, వాడి చేతిపని చూస్తే ముద్దొస్తుంది. కానీ కరెంటు పారిన ఇనుము అయస్కాంతమయి కూర్చుంది, పక్కనే ఉన్న దిక్సూచి ముల్లుని తన వైపు లాగడం మొదలెట్టింది. ఈ సంగతి కనిపెట్టినవాడూ వాడే. రన్‌వే చివర నేల మీద సున్నంతో పెద్ద గుండ్రం గీసి, దిక్కులు గీసి, రెండు సాయంత్రాలు విమానాన్ని గానుగెద్దులా తిప్పాడు, ముప్ఫై డిగ్రీలకొకసారి ఆపి, ఇంజను నడుస్తుండగానే లోపలకి తొంగి అంకె చూసి కేకేసేవాడు. తోక పట్టుకుని తోసేది మరదలు. తను నూనె పీపా మీద కూర్చుని, మొగుడూ పెళ్ళాలకి పొద్దుపోక ఆడుకుంటున్నారా అని వేళాకోళం చేశాడు. మరదలు చెమట తుడుచుకుని, తోక వదిలి, కొంగున దోపుకున్న పెన్సిలు తీసి...

రాసింది. రాసింది ఆ పిల్లే!

పిడుగు మెడ తిప్పాడు. మరదలు తూకాల దగ్గర పని చేస్తుంది. విమానం ఎక్కే ప్రతి బస్తా, ప్రతి సంచీ, ప్రతి మనిషీ ఆమె కాటా మీద నిలబడాల్సిందే. షెడ్డులో తూకాలమ్మ అంటారు. ఆర్నెల్ల కిందటి ప్రయాణికుడి బరువు అడిగినా పుస్తకం చూడకుండా చెప్తుంది. మూడేళ్ళ కిందట గూనికొండ మీద ఒక విమానం పడితే, నలుగురు మనుషుల్ని పిడుగే వెళ్ళి ఏరుకొచ్చాడు, ఏరుకొచ్చాడనే అనాలి, ఆరు గోనెసంచుల్లో. బరువు తెలియకుండా విమానం ఎక్కించడం కుదరదు కాబట్టి ఆ సంచుల్ని కూడా ఈమె కాటా మీదే తూచి తెచ్చారు. ఆ రోజు ఆమె ఏడవలేదు. అంకెలు వేసి, బయటికి వెళ్ళి వాంతి చేసుకుని, మళ్ళీ వచ్చి కూడికలు సరిచూసింది. అప్పట్నుంచి ఆమెని చూస్తే పిడుగుకి ఎందుకో కాస్త బెరుకు, ఆ బెరుకుని కోపం కింద దాచుకుంటూ వచ్చాడు.

"అమ్మాయ్, దిక్సూచి అంకెలు నువ్వే కదా రాసింది?"

"నేనే."

"తూర్పు మీద ఎంత తప్పు?"

ఆమె రెండు అరచేతులూ తమ్ముడి చెవుల పక్కన పెట్టి తల కదలకుండా పట్టుకుని ఉంది. ఎగుడుదిగుళ్ళకి ఆమె వీపు గోడకేసి కొట్టుకుంటోంది గానీ ఆ తల మాత్రం కదలడం లేదు.

"అసలు తొంభై మీద పెడితే దిక్సూచి యాభై తొమ్మిది చూపించింది," అంది. "ముప్ఫై ఒకటి తక్కువ."

అంటే ఇప్పుడు తొంభై చూపిస్తోందంటే అసలు నూట ఇరవై పైన. అంటే మూడు నిమిషాలుగా కుడికి పోతున్నాడు, కొడవలి మీదికి. అంటే ఎడమకి తిప్పాలి. ఎడమకా? ఎడమ పక్క గూనికొండ! ఒళ్ళంతా ఒక్కసారి కాదు కాదు కాదు అంది. ఇరవై రెండేళ్ళుగా ఈ కనుమలో తిరుగుతున్నాను, కళ్ళు మూసి వదిలేసినా చెప్తాను, గూనికొండ ఇక్కడే ఉంది, ఈ తెల్లదనం వెనక, ఈ భుజం పక్కన, నా చెంపకి దాని చలి తెలుస్తోంది. ఆ ఆరు సంచులు, ఆ నాలుగో సంచిలో ఒక బూటు, బూటుతో పాటు మడమ, లేసు ముడి కూడా ఊడలేదు. ఎడమకి తిప్పితే తెల్లారేసరికి ఇంకెవడో వచ్చి మమ్మల్ని ఏరతాడు. కొంగున దోపుకున్న పెన్సిలు ముక్కతో రాసుకున్న అంకె నమ్మి తిప్పాలా? బస్తాలు తూచుకునేది నాకు దిక్కు చెప్తుందా? "ఎక్కువేమో చూడు," అని అరిచాడు. "తక్కువ కాదు, ఎక్కువై ఉంటుంది! సరిగ్గా గుర్తు తెచ్చుకో!"

"తక్కువ."

"నీకేం తెలుసు? తిరగేసి రాసుంటావు! గూనికొండ ఎడమ పక్కే ఉంది, నాకు తెలుస్తోంది!"

"నీకు తెలిసింది చాలు!" అంది మరదలు. నాలుగేళ్ళలో ఆమె అతన్ని బావగారూ, మీరు అనే పిలిచింది. "పొద్దున కూడా నీకే తెలుసు. ఆయన మాట వినలేదు, కాగితం చింపావు. ఆ కాగితం తీసుకుందామని ఆయన వంగాడు. వంగినవాణ్ణి కొట్టావు. ఇప్పుడు ఆ కాగితంలో ఏముందో చెప్తుంటే కూడా అరుస్తావా? ముప్ఫై ఒకటి తక్కువ. తిప్పు."

వంగాడు. అవును వంగాడు. తోయలేదు, బల్ల తగల్లేదు, చెయ్యి జారలేదు. ఎదురుగా లేడు వాడు. ఉండచుట్టిన కాగితం మొహానికి తగిలి నేల మీద పడితే, వాడు ఒక్క మాట అనకుండా వంగాడు, దాన్ని తీసి, తొడ మీద పెట్టి సాపు చేద్దామని, అది కావాలి కాబట్టి, అది లేకపోతే ఎవరైనా చస్తారు కాబట్టి. చావబోయేది తన అన్నయ్యే కాబట్టి. వంగినప్పుడు మెడ వెనక వెంట్రుకలు కనిపించాయి, మొన్న కత్తిరించుకున్నవి, చిన్నప్పటి సుడి కూడా కనిపించింది. అంత తీరిగ్గా చూశాడు. చూసి, పక్కకి చెయ్యి చాచి, పానాల్లో పెద్దది ఏదో వెతికి మరీ తీశాడు. పది పన్నెండు కూడా అక్కడే ఉంది. దాన్ని వదిలేసి పందొమ్మిది తీశాడు. రెండు చేతులా ఎత్తాడు. చప్పుడు వచ్చింది, పచ్చి చప్పుడు, ఆ చప్పుడుకి లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఒక్క క్షణం. ఆ హాయి తనకి తెలుసు, నాన్న మొహంలో చూశాడు దాన్ని, బెల్టు మేకుకి తగిలించి నీళ్ళు తాగేటప్పుడు.   ఈ చెయ్యి, ఈ ఒళ్ళు, ఈ నాకు తెలుసు అనేది, పొద్దున ఇదే ఒళ్ళు కొట్టు కొట్టు అంది, ఇప్పుడు ఇదే ఒళ్ళు కుడికి కుడికి అంటోంది. దీని మాట విని ఏ రోజు బాగుపడ్డాడు?

ఎడమకి తిప్పాడు. ఒళ్ళంతా అడ్డం తిరుగుతుంటే, తనని తానే మెడ పట్టి గెంటుకున్నట్టు తిప్పాడు. రెక్క సగం వంగిందో లేదో కుడి కిటికీలో తెలుపు చిరిగి నల్లటి రాయి కనిపించింది. తడి రాయి, దాని మీద పాచి, పాచి మీద కారుతున్న నీళ్ళు, ఒక రాతి పగులులో పిచ్చిమొక్క, దాని ఆకులు కూడా లెక్కపెట్టచ్చు. కొడవలి! మరదలు కెవ్వున అరిచింది. అతను ఇంకా వంచాడు, కంట్రోలు కడుపులోకి లాక్కున్నాడు, గాలి చాలని రెక్కలు గింజుకున్నాయి, వేగం తగ్గిపోతోందని హెచ్చరించే కూత పసిపిల్లాడి గుక్కలా మొదలయింది, రాయి కుడి రెక్క చివరని నాకుతూ వచ్చింది, వచ్చింది, ఇక అయిపోయింది అనుకున్నాడు, రెక్క చివరి ఎర్రదీపం ఫట్టుమని పగిలి ఎగిరిపోయింది, విమానం మొత్తం జల్లుమంది, చక్రమో ఏదో చెట్టుకొమ్మల్ని బరికింది, చిన్నోడా చిన్నోడా చిన్నోడా అని అరుస్తున్నది ఎవరో కాదు, తనే. అప్పుడు రాయి వదిలింది. మళ్ళీ తెలుపు.

"అమ్మాయ్," అన్నాడు. పక్కకి జరిగిన దూరమంతా వెనక్కి రావాలి, ఇంకా ఎడమకి పోవాలి. "అరవై మీద ఎంత?"

"అసలు అరవై మీద ముప్ఫై నాలుగు చూపించింది," అంది ఆమె. ఏడుస్తూ చెప్పింది గానీ అంకె తడబడలేదు. "ఇరవై ఆరు తక్కువ."

ముప్ఫై నాలుగు దగ్గర పట్టుకున్నాడు. గడియారం చూసి మూడు నిమిషాలు. నిమిషానికి మూడు కిలోమీటర్లు. అరవై దాకా తనలో తనే లెక్కపెట్టాడు, మళ్ళీ మొదటి నుంచి, మళ్ళీ. ఒళ్ళు ఇంకా గోల పెడుతూనే ఉంది, గూనికొండ గూనికొండ అని, పెట్టనిచ్చాడు. గాలి తంతుంటే తన్నించుకున్నాడు. తిట్టలేదు. మూడో నిమిషం చివర యాభై తొమ్మిదికి తిప్పి, ఆ అబద్ధపు అంకె మీద ముల్లుని ఆపి, ముందు ఏమీ కనబడని తెలుపులోకి మనిషి చెప్పిన మాట పట్టుకుని పోయాడు. జీవితంలో ఇంకొకరి మాట మీద ఇంత దూరం ఎప్పుడూ పోలేదు. వెనక ఆమె ఏదో చెప్తోంది, తనతో కాదు, తమ్ముడితో, వచ్చేశాం, ఇంకొంచెమే, నాతో మాట్లాడు, నా బరువెంతో చెప్పు చూద్దాం, ఎప్పుడూ నేనే చెప్తానుగా. జవాబు లేదు. ఊపిరి ఉందా అని అడగడానికి పిడుగుకి నోరు రాలేదు. ఆ ప్రశ్న అడిగే హక్కు పొద్దున పోగొట్టుకున్నాడు. ఛ, హక్కులట, మళ్ళీ హక్కులు. భయమేసింది, అంతే, చచ్చేంత భయమేసింది. వాడు పోతే ఈ ప్రపంచంలో తనని అన్నయ్యా అనేవాడు ఎవడూ ఉండడు, ఉండకుండా చేసుకున్నది తనే.

మబ్బు కింద నుంచి మొదట ఒక రోడ్డు బయటపడింది, మెలికలు మెలికలుగా, దాని మీద ఒక బస్సు. తరవాత ఎండ. తరవాత మైదానం, పొగగొట్టాలు, నీళ్ళ ట్యాంకులు, చివర బూడిదరంగు పట్టీలా రన్‌వే. రేడియోలో ఇసుక పోయి మనిషి గొంతు వచ్చింది, ఎవరు మీరు, ఎక్కణ్ణుంచి అని. "తలకి దెబ్బ తగిలిన మనిషి ఉన్నాడు. అంబులెన్సు కావాలి," అన్నాడు పిడుగు. దెబ్బ ఎలా తగిలిందని అడిగాడు ఆ గొంతు మనిషి, రాసుకోవాలి కాబట్టి. "నేను కొట్టాను," అన్నాడు. అటువైపు మనిషి ఆ మాటే తిరిగి పలుకుతూ రాసుకున్నాడు. తరవాత గాలి ఎటు వీస్తోందో చెప్పి, దిగమన్నాడు. పిడుగు దిగాడు. చక్రం నేలని తాకిందని మరదలికి తెలిసి ఉండదు, అంత మెత్తగా దింపాడు.

ఇంజను ఆపాక చెవుల్లో హోరు మిగిలింది. అంబులెన్సు అప్పటికే రెక్క పక్కకి వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది, నెరిసిన మీసాల మనిషి ఒకడు స్ట్రెచరు కాళ్ళ వైపు పట్టుకుని లోపలకి తొంగిచూశాడు. మరదలు మొగుణ్ణి పిలుస్తూనే ఉంది, చెంపలు తడుతూ, చెవిలో పిలుస్తూ. అతను కళ్ళు తెరవలేదు. ఆ మీసాలాయన బుగ్గ గిల్లాడు, కనురెప్ప ఎత్తి దీపం వేశాడు, పెదవి విరిచాడు. "పట్టీ విప్పండి ముందు," అన్నాడు. మరదలి చేతులు తిమ్మిరెక్కి కదలడం లేదు. పిడుగు సీట్లోంచి వెనక్కి తిరిగి, పట్టీ బిళ్ళ కోసం కుడిచెయ్యి చాచాడు.

తమ్ముడు కళ్ళు తెరిచాడు. పెళ్ళాం పిలిస్తే తెరవని కళ్ళు, దీపానికి తెరవని కళ్ళు. తన మీదికి వస్తున్న ఆ చేతిని చూశాడు. చూడగానే అతని రెండు చేతులూ పట్టీ కింద నుంచి పెనుగులాడుకుని చటుక్కున పైకి లేచి తలకి అడ్డం పడ్డాయి. మోకాళ్ళు ముడుచుకున్నాయి. మోచేతుల సందులోంచి ఒక కన్ను ఆ చేతినే చూస్తోంది.

మీసాలాయన మొహం విప్పారింది. "అబ్బో, రెండు చేతులూ సమంగా లేచాయే! కాళ్ళు కూడా! చాలా మంచి గుర్తమ్మా, దక్కుతాడు మనిషి," అన్నాడు మరదలితో. పిడుగు వైపు తిరిగి, "సార్, మీరు ఇంకోసారి అలా చెయ్యి చాపండి, చూస్తాను," అన్నాడు.

మరదలు పిడుగు మొహంలోకి చూసింది. పిడుగు తన చేతిని వెనక్కి తీసుకున్నాడు. తీసుకుని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. పట్టీ మరదలే విప్పుకుంది.